అక్కకి బాస్ గిటార్ పాఠాలు

వినుకొండ,
9 జూలై 2023

బెన్నీకి,

ఏడాదికి రెండుసార్లు బళ్ళో పిల్లల చేత "స్నేహితునికి లేఖ" రాయిస్తాను గానీ, నేను ఒకరికి ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళు దాటిందిరా. ఫోన్ చేస్తే ఎత్తవు. "ఫోను పాడైందక్కా, నీ మాట వినపడదు, ఏదన్నా ఉంటే ఉత్తరం రాయి" అని ఒక్క మెసేజీ పడేసి ఊరుకున్నావు. రాతి పలకల్ని అద్దంలా పాలిష్ చేసేవాడికి ఒక ఫోను బాగుచేయించుకునే తీరిక లేదంటే ఏమనుకోవాలి? సరే, రాస్తున్నాను.

మన చర్చిలో బాస్ గిటార్ వాయించే నతానియేలు గారికి మార్కాపురం బదిలీ అయింది. నువ్వు చీమకుర్తి పనికి వెళ్ళినప్పటి నుంచి నీ గిటార్‌ని ఆయనే వాయిస్తున్నాడు కదా. ఆయన లేని మొదటి ఆదివారం ఏం తగ్గిందో ఎవరికీ తెలియలేదు. పాటలు మాత్రం తొందరగా అయిపోయాయి. అందరూ బస్సు అందుకోవాలన్నట్టు పాడేశారు. ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తుంటే తట్టింది నాకు, పాటని కింద పట్టుకునేది ఏదీ లేదని.

పాస్టరు గారేమో, "కీబోర్డులో ఆ శబ్దం కూడా ఉంటుందిగా రెబ్కమ్మా, ఆ గిటార్ స్టోరు రూములో పెట్టించండి" అన్నారు. పెట్టించలేదు. ఇంటికి తెచ్చుకున్నాను. మీ బావ చూసి, "నీకంటే అదే పొడుగుంది" అన్నాడు.

నవ్వకుండా విను. నేను నేర్చుకుంటాను. నలభై మూడేళ్ళొచ్చాయి, చేతులకి చాక్‌పీసు తప్ప ఇంకేం తెలియదు. నువ్వు చిన్నప్పుడు ఇంట్లో సాధన చేస్తుంటే "ఆ దబదబ ఆపరా" అని అరిచినదాన్నే. ఇప్పుడు అదే దబదబ నేర్పమని అడుగుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో రాయి.

అక్క

* * *

చీమకుర్తి,
20 జూలై 2023

అక్కకి వందనాలు.

నవ్వలేదు. ఆశ్చర్యపోయాను. అయూబ్ భాయ్‌కి చదివి వినిపించాను. నేనూ ఆయనా ఒకే గదిలో ఉంటాం, తెలుసుగా. "మీ అక్క గట్టిది" అన్నాడు. నాకు డ్యూటీతో కుదరదు కాబట్టి ఉత్తరాలు ఆయనే పోస్టులో వేస్తాడు.

నిలబడి వాయించడం ఇప్పుడే వద్దు. చేతుల్లేని కుర్చీ వేసుకుని కూర్చో. తీగల కింద నల్లటి కడ్డీ ఉంటుంది, దాన్ని పికప్ అంటారు. కుడి చేతి బొటనవేలు దాని మీద ఆన్చు. వాయించేది రెండే వేళ్ళు, చూపుడువేలు, మధ్యవేలు. ఒకదాని తర్వాత ఒకటి, మనిషి నడిచినట్టు. తీగని పైకి లాగకు. కొత్తవాళ్ళందరూ లాగుతారు. వేలు తీగని తోసుకుంటూ వెళ్ళి, పక్కనున్న లావు తీగ మీద వాలి ఆగాలి. అప్పుడే శబ్దం గుండ్రంగా వస్తుంది.

ఎడమ చెయ్యి సంగతి. మెడ మీద అడ్డంగా ఇనుప గీతలున్నాయే, అవి ఫ్రెట్లు. గీత మీదే నొక్కితే శబ్దం చచ్చిపోతుంది. దూరంగా నొక్కితే జుయ్యిమంటుంది. గీతని ఆనుకుని, వెనకగా నొక్కాలి. బొమ్మ వేశాను చూడు. గట్టిగా నొక్కినంత మాత్రాన బాగా పలకదు. ఎంత తక్కువ నొక్కితే పలుకుతుందో వెతుక్కో. బలం మిగుల్చుకోవడం మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి.

నెల రోజులు పాటల జోలికి పోకు. గోడ గడియారం టిక్కుకి ఒక దెబ్బ చొప్పున, నాలుగు తీగల మీదా వేళ్ళు నడిపించు. విసుగొస్తుంది. విసుగొచ్చాక ఇంకో పది నిమిషాలు వాయించు. అసలు నేర్చుకునేది ఆ పది నిమిషాల్లోనే.

చర్చిలో కూర్చున్నప్పుడు పాడేవాళ్ళని వినకు. డ్రమ్స్ వాయించే మనిషి కుడికాలు చూడు. ఆ కాలూ నీ వేలూ ఒకేసారి నేల తాకాలి. బాస్ అంటే అంతే అక్కా, మిగతాదంతా అలంకారం.

బావకి వందనాలు చెప్పు.

బెన్నీ

* * *

వినుకొండ,
20 ఆగస్టు 2023

బెన్నీకి,

వేళ్ళ చివర బొబ్బలు లేచాయి. బోర్డు మీద రాస్తుంటే మంట. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, "నూనె చిందిందా టీచర్?" అని అడిగింది. అవునన్నాను. గిటార్ అని చెప్పడానికి సిగ్గేసింది.

నువ్వు చెప్పినట్టే గడియారం కింద కూర్చుంటున్నాను. నిన్న మొదటిసారి నాలుగు నిమిషాలపాటు వేళ్ళు నా మాట విన్నాయి. ఆ కాసేపూ మిరప నారు గురించి గానీ, బడి గురించి గానీ ఒక్క ఆలోచన రాలేదు. నువ్వు గంటలు గంటలు అందులో ఎందుకు కూర్చునేవాడివో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

మన చర్చిలో కీబోర్డు వాయించే ఫెబా, మా పక్కింటి అమ్మాయి, ఫోనులో వీడియోలు చూపించింది. ఒకాయన బొటనవేలితో తీగల్ని కొడుతూ, చూపుడువేలితో పీకుతూ గుర్రాన్ని పరిగెత్తించినట్టు వాయించాడు. అది ఎప్పుడు నేర్పుతావు? ఫెబా అంటుంది, "ఆంటీ, బాస్ వాయిస్తే ఎవరికీ వినపడదు, వాయించకపోతేనే తెలుస్తుంది" అని. నిజమేనా? నీ దృష్టిలో గొప్పగా వాయించేవాళ్ళెవరో రాయి. ఎవర్ని వినాలి, ఎవర్ని వినకూడదు? నీ అభిప్రాయాలు నాకు కొత్తేం కాదులే. ఇంట్లో రేడియో పెడితే చాలు, నాన్నతో పోట్లాడేవాడివి.

ఫోను సంగతి ఏం చేశావు?

అక్క

* * *

చీమకుర్తి,
14 సెప్టెంబరు 2023

అక్కకి,

ఆలస్యమైంది. పని ఒత్తిడి.

ఆ కొట్టుడుని స్లాప్ అంటారు. ఫ్లీ అని ఒకాయన ఉన్నాడు, చొక్కా లేకుండా స్టేజీ అంతా గెంతుతూ వాయిస్తాడు. చూడటానికి సరదాగా ఉంటుంది. నువ్వు చర్చిలో అది మొదలుపెడితే గిటార్‌తోపాటు నిన్ను కూడా స్టోరు రూములో పెట్టిస్తారు.

ముందు ఇళయరాజా గారి పాత పాటలు ఏవైనా తీసుకో. గాయకుల్ని వదిలేసి కింద ఏం నడుస్తోందో విను. కింద ఇంకో పాట ఉంటుంది. పైపాట ఏడుస్తుంటే అది ఓదారుస్తూ ఉంటుంది, లేదా పట్టించుకోకుండా తన దారిన పోతూ ఉంటుంది. మన దేశంలో బాస్‌కి మర్యాద ఇచ్చిన మనిషి ఆయనే అని నా లెక్క. రెహమాన్ పాటల్లో బాస్ వేరు. గదిలోకి నీళ్ళు వచ్చినట్టు తెలియకుండా నిండుతుంది. రెండూ ఇష్టమే. ఇప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో డీజే వాళ్ళు మోగించేదాన్ని కూడా బాస్ అంటున్నారు. అది గుండెల మీద గుద్దడం. దానికో స్వరం లేదు, ఒక ఆగడం లేదు.

అమెరికాలో జేమ్స్ జేమర్సన్ అనే ఆయన ఉండేవాడు. ఒక్క చూపుడువేలితోనే వాయించాడట. ప్రపంచమంతా ఆ పాటలకి గంతులేసింది గానీ, చాలాకాలం రికార్డుల మీద ఆయన పేరు కూడా వేయలేదు. నాకు ఆయన మీద ఉన్నంత గౌరవం ఇంకెవరి మీదా లేదు. జాకో పాస్టోరియస్ అని ఇంకొకాయన, ఫ్రెట్లు లేని గిటార్‌ని మనిషి గొంతులా పాడించాడు. ఇరవైల్లో నాకు ఆయనంటే పిచ్చి. ఇప్పుడు వింటుంటే కాసేపు ఊరుకో నాయనా అనిపిస్తుంది. అంత గొప్పవాడూ ముప్ఫై అయిదేళ్ళకే పోయాడు. నా వయసు. పాల్ మెకార్ట్నీని ఆ రోజుల్లో లెక్కచేసేవాణ్ణి కాదు, అందరికీ ఇష్టం కాబట్టి. నోటితో ఒక రాగం పాడుతూ చేత్తో ఇంకో రాగం వాయించడం ఎంత కష్టమో ఇప్పుడర్థమవుతోంది. తప్పుగా అనుకున్నాను.

నా సంగతి అడగలేదు గానీ నేనే చెబుతాను. గుంటూరు కన్వెన్షన్‌లో నేను వాయిస్తుంటే మద్రాసు స్టూడియో మనిషి ఒకాయన విన్నాడు, గుర్తుందా? పిలుస్తానని నీ ఫోను నంబరు రాసుకున్నాడు, నాకప్పుడు ఫోను లేదుగా. నెల రోజులు నీ ఫోను మోగినప్పుడల్లా ఏదో ఒక వంకతో నీ వంటింట్లోకి వచ్చేవాణ్ణి. ఆయన చెయ్యలేదు. రోజూ గొప్పవాళ్ళని వినే చెవులు ఆయనవి. విన్నాడు, ఆలోచించుకున్నాడు, వద్దనుకున్నాడు. నా వాయింపు ఊళ్ళో బాగుంటుంది, బయట చాలదు. అది తెలిశాక గిటార్ ముట్టబుద్ధి కాలేదు. దాన్ని చర్చిలో వదిలి ఇక్కడికి రావడం అందుకే తేలికైంది.

నీకు మాత్రం ఆ బాధ లేదు. నువ్వు వాయించేది దేవుడికీ వినుకొండకీ. హాయిగా వాయించు.

బెన్నీ

* * *

వినుకొండ,
16 అక్టోబరు 2023

బెన్నీకి,

నిన్న చర్చిలో వాయించాను. నాలుగు పాటల్లో ఒక్కదానికే. చీర కొంగు బిగించి కట్టుకుని, డ్రమ్స్ పక్కన కుర్చీ వేసుకుని, ఆ కుడికాలు చూస్తూ కూర్చున్నాను. మొదటి చరణంలో ఒకచోట వేలు పక్క ఫ్రెట్ మీద పడి గేదె అరిచినట్టు మోగింది. ముందు వరసలో ముసలమ్మలు ఇద్దరు వెనక్కి తిరిగారు. నేను ఆపేయబోయాను. ఫెబా కీబోర్డు వదలకుండానే నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. మళ్ళీ అందుకున్నాను.

రెండో చరణంలో జనం పాట నెమ్మదించిందిరా. ఎవరూ చెప్పలేదు. వాళ్ళకై వాళ్ళే నెమ్మదించారు.

ఒక సందేహం. నా స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి బురదలా వినపడుతున్నాయని నతానియేలు గారు ఫోనులో విని అన్నారు. ఏం చెయ్యాలి?

ఇంకొకటి. ఈ మధ్య నీ అక్షరాలు లైను దాటి కిందికి జారుతున్నాయి. ఒక ఉత్తరంలోనే మూడు రంగుల పెన్నులు కనిపిస్తున్నాయి. ఒకే రోజు కూర్చుని రాస్తే అలా ఎందుకుంటుంది? క్రిస్మస్‌కి వస్తావా? పోయినేడాది కూడా రాలేదు.

మద్రాసాయన సంగతి ఇప్పుడెందుకులే. అయిపోయింది.

అక్క

* * *

చీమకుర్తి,
8 నవంబరు 2023

రెబ్కమ్మ గారికి, అయూబ్ రాసేది.

నేను బెన్నీ గదిలోనే ఉంటాను. ఒకే గ్రానైటు యూనిట్‌లో పదకొండేళ్ళు కలిసి పనిచేశాం. మీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది, తను జవాబు రాయలేకపోతున్నాడు. అందుకని నేను రాస్తున్నానమ్మా. నా రాత బాగుండదు, ఏమనుకోకండి.

బెన్నీ పనికి పోక తొమ్మిది నెలలయింది. ముందు దగ్గు అన్నాడు. ఆస్పత్రిలో టీబీ అని ఆరు నెలలు మందులు మింగించారు. తగ్గలేదు. ఆగస్టులో ఒంగోలులో ఇంకో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఇది టీబీ కాదు, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోయింది, సిలికోసిస్ అంటారు అన్నాడు. ఎండాకాలం నీళ్ళు సరిగ్గా రానప్పుడు పొడి మీదే పలకలు కోసేవాళ్ళం. ముఖానికి తువ్వాలు కట్టుకునేవాళ్ళం, అంతే. మందు ఉందా అని అడిగాను. బాధ తగ్గించేవి ఉన్నాయి, జబ్బుకి లేదు అన్నాడు.

ఫోను బాగానే ఉందమ్మా. మాట్లాడితే రెండు మాటలకి ఆయాసం వస్తుంది. "అక్క వింటే పట్టేస్తుంది భాయ్" అని ఫోను ఎత్తడు. ఉత్తరం అయితే రోజుకి నాలుగు లైన్లు రాసుకోవచ్చు, ఎవరికీ ఏం వినపడదు అన్నాడు. మీ పాఠం కోసం ఒక్కో ఉత్తరం వారం రోజులు రాశాడు. రాసిన రోజుల్లో కాస్త అన్నం తినేవాడు.

"చెప్పొద్దు భాయ్, నన్ను ఈ పనిలో పెట్టించింది అక్కే, తెలిస్తే తట్టుకోలేదు" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను ఒట్టు తప్పాను. నిన్న నుంచి గోళ్ళు నీలంగా కనపడుతున్నాయి. మీరు రండి.

అయూబ్

* * *

వినుకొండ,
20 నవంబరు 2023

బెన్నీకి,

నీ గదిలో మూడు రోజులున్నాను. నీకు జావ కాచాను, నీ వీపు నిమిరాను, ఒంగోలు తీసుకెళ్ళి ఆక్సిజన్ మిషను తెప్పించాను. ఇంటికి రమ్మంటే, "అయూబ్ భాయ్ ఉన్నాడుగా, నువ్వు బడికి పో అక్కా" అన్నావు. ఈ మూడు రోజుల్లోనూ ఒక మాట చెప్పడానికి నోరు తెరిచి, తెరిచి, మూసుకున్నాను. ఎదురుగా ఉంటే చెప్పలేను. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను.

మద్రాసాయన ఫోను చేశాడురా.

అప్పటికి నాన్న పోయి పద్దెనిమిది రోజులు. నువ్వు సమాధికి సున్నం వేయించడానికి వెళ్ళావు. నేను వంటింట్లో ఉన్నాను. "బెన్నీ ఉన్నాడా అమ్మా, వచ్చే సోమవారం స్టూడియోకి పంపించగలరా, నాకు అతని చెయ్యి నచ్చింది" అన్నాడు. ఇవే మాటలు. ఒక్కటి కూడా మర్చిపోలేదు.

నేను, "వాడికి ఉద్యోగం వచ్చిందండి, రాడు" అన్నాను.

అప్పటికి నీకు ఉద్యోగం లేదు. నేనే మర్నాడు మీ బావ చిన్నాన్న కొడుకు దగ్గరికి వెళ్ళి, మా తమ్ముణ్ణి గ్రానైటు యూనిట్‌లో పెట్టించమని అడిగాను. ఎందుకు చేశానో పదకొండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఊరు కాని ఊళ్ళో పస్తులుంటావని, తాగుడు నేర్చుకుంటావని, నాన్న లేడు కాబట్టి నేనే పెద్దదాన్నని. అన్నీ నిజమే. ఇంకోటి కూడా నిజం. నువ్వు వాయించేదాన్ని నేను పని అనుకోలేదు. దబదబ అనుకున్నాను.

ఆయన నిన్ను వద్దనుకోలేదు. నేను వద్దన్నాను. నువ్వు నా ఫోను మోగినప్పుడల్లా వంటింట్లోకి రావడం నేను చూశాను. చూస్తూ కూడా చెప్పలేదు.

క్షమించమని అడిగే ముఖం లేదు. నిజం నీకు తెలియాలి, అంతే.

రెబ్కా

* * *

చీమకుర్తి,
11 డిసెంబరు 2023

అక్కా,

దుమ్ము మీద నాకు కోపం లేదు. అది రాయి. కోస్తే లేస్తుంది. యూనిట్ మీద కోపం ఉండేది, అరిచే ఊపిరి లేక అదీ తగ్గింది. నీ మీద మాత్రం ఎప్పుడూ లేదు. పనిలో పెట్టించావు, మంచికే అనుకున్నాను. నువ్వు తట్టుకోలేవని జబ్బు దాచాను.

పదకొండేళ్ళు నాకు వాయించడం రాదనుకున్నాను. పండగలకి వచ్చినప్పుడు నతానియేలు గారు గిటార్ చేతికిస్తే, వద్దండీ మీరు వాయించండి అనేవాణ్ణి. పాట వినపడితే నా వేళ్ళు తొడ మీద వాటంతటవే కదిలేవి. చేతులు జేబులో పెట్టుకునేవాణ్ణి. ఆ చెయ్యి నచ్చిందని ఒకాయన అన్నాడు. నువ్వు విన్నావు.

నేను పోయి పస్తులుండేవాణ్ణేమో. తాగేవాణ్ణేమో. అవి నావి.

కొన్నాళ్ళు రాయకు.

బెన్నీ

* * *

వినుకొండ,
22 జనవరి 2024

బెన్నీకి,

రాయొద్దన్నావు. నలభై రోజులు ఆగాను. ఇది కూడా ఉత్తరమనుకోకు.

నిన్నటి ఆరాధన ఫెబా రికార్డు చేసింది. అయూబ్ అన్నయ్య ఫోనుకి పంపాను. నాలుగు పాటలకీ నేనే వాయించాను. నువ్వు వినకపోయినా ఫర్వాలేదు. స్వరాలు ఇంకా బురదలాగే ఉన్నాయి, అడగడానికి వేరే ఎవరూ లేరు.

అక్క

* * *

చీమకుర్తి,
9 ఫిబ్రవరి 2024

అక్కకి,

మూడుసార్లు విన్నాను. అయూబ్ భాయ్ ఫోనుని స్టీలు గిన్నెలో పెట్టి వినిపించాడు, శబ్దం పెరుగుతుందని.

ఎడమ చెయ్యి బాగా కుదిరింది. కుడి చెయ్యి ఇంకా తొందరపడుతోంది. బురద ఎందుకంటే, నువ్వు స్వరాన్ని మొదలుపెట్టడం నేర్చుకున్నావు, ముగించడం నేర్చుకోలేదు. కొత్త స్వరం పట్టేముందు పాతదాన్ని ఆపాలి. నొక్కిన వేలుని తీగ మీద నుంచి పూర్తిగా తియ్యకుండా కొంచెం వదులు చెయ్యి. చాలు, ఆగిపోతుంది. ఒక్కో స్వరం ఎంతసేపు ఉండాలో నువ్వే నిర్ణయించాలి. దానంతట అది పోయేదాకా వదిలేయకూడదు.

మూడో పాటలో, చరణం చివర పైస్వరానికి వెళ్ళావు. అది నేను నేర్పలేదు. ఎక్కడ నేర్చావు? బాగుంది. నేనైతే అక్కడికి వెళ్ళేవాణ్ణి కాదు. రెండోసారి విన్నప్పుడు, వెళ్ళాల్సిందేననిపించింది.

కోపం పోలేదు. పోయిందని అబద్ధం రాయను. పగలు పడుకుని ఉంటే వస్తుంది, సాయంత్రానికి అలిసిపోతుంది. నేనూ అలిసిపోతాను. ఇక్కడ రోజంతా రాయి కోసే మిషను చప్పుడే. మిగిలిన రోజులు అది వింటూ పడి ఉండబుద్ధి కావడంలేదు. పక్కగదిలో ఎవరో ఒకరు తప్పులు వాయిస్తూ, మళ్ళీ దిద్దుకుంటూ ఉంటే వినాలని ఉంది.

వచ్చి నన్ను తీసుకుపో.

బెన్నీ

* * *

వినుకొండ,
14 జూలై 2024

అయూబ్ అన్నయ్యకి,

సమాధి కార్యక్రమం రోజున మీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. బెన్నీ పెట్టెలో మీ స్వెటర్ ఒకటి దొరికింది. ఉతికి పెట్టాను.

నాలుగు నెలలు మా ఇంట్లో ఉన్నాడు. ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో మీకు చెప్పాలి. మీరు పదకొండేళ్ళు చూసుకున్నారు.

వాడి మంచం నడవలో వేశాం. నేను బడి నుంచి రాగానే గదిలో కూర్చుని గంట వాయించేదాన్ని. తప్పు పడితే వాడు మంచం కోడు మీద వేలితో కొట్టేవాడు, ఒక్కసారి. నేను అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. మేలో ఒకరోజు గంటసేపు వాయించినా కోడు మోగలేదు. భయమేసి పరుగున వచ్చాను. కళ్ళు తెరిచే ఉన్నాడు. "తప్పు లేదు, ఏం కొట్టను?" అన్నాడు.

ఒకసారి గిటార్ అడిగాడు. దిళ్ళు పెట్టి కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టాను. నాలుగు ముక్కలు వాయించాడేమో. అన్నయ్యా, అదే గిటార్, అవే తీగలు, ఏడాది నుంచి నేను రోజూ పట్టుకుంటున్నదే. అందులో ఆ శబ్దం ఉందని నాకు తెలియదు. మీ బావగారు పొలం నుంచి వస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. బెన్నీ అక్కడికి ఆపేసి, "చాలు, తీసుకో" అన్నాడు. చెమటతో తడిసిపోయాడు. పన్నెండేళ్ళ క్రితం ఫోనులో ఆ మనిషి దేన్ని మెచ్చుకున్నాడో నేను అప్పుడు విన్నాను.

క్షమించానని వాడు అనలేదు. నేనూ అడగలేదు. ఒకరోజు మధ్యాహ్నం దానిమ్మ గింజలు వలిచి పెడుతుంటే అడిగాడు.

"ఆ మద్రాసాయన గొంతు ఎట్లా ఉందక్కా?"

"తొందరలో ఉన్నట్టు మాట్లాడాడు. నీ పేరు మాత్రం రెండుసార్లు అన్నాడు."

"రెండుసార్లా?"

"రెండుసార్లు. బెన్నీ ఉన్నాడా అన్నాడు. నేను రాడని చెప్పాక, బెన్నీకి చెప్పండమ్మా, మళ్ళీ ఆలోచించుకోమనండి అన్నాడు."

చాలాసేపు గింజలు నమిలాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత మూడు వారాలకి, జూన్ ఇరవైన, పొద్దున్నే పోయాడు. ఆక్సిజన్ మిషను ఆడుతూనే ఉంది. దాన్ని నేనే ఆపాను.

ఇప్పుడు అసలు సంగతి. శవపెట్టె మోసిన ఆరుగురిలో మీరూ ఉన్నారు. గేటు నుంచి సమాధి దాకా ఎత్తు ఎక్కువేం కాదు. మీరు రెండుచోట్ల ఆగారు. అందరూ దుఃఖం అనుకున్నారు. నేను మీ వెనకే నడిచాను. మీ భుజాలు పైకి లేచి దిగడం చూశాను. అలా లేచి దిగే భుజాల్ని నాలుగు నెలలు రాత్రీ పగలూ చూసినదాన్ని, నాకు తేడా తెలుసు. టీ తాగేటప్పుడు మీరు పక్కకి వెళ్ళి దగ్గి వచ్చారు. "దుమ్ముకి" అన్నారు. అంతకుముందు రోజే వాన పడింది అన్నయ్యా, ఆ రోజు వినుకొండలో దుమ్ము లేదు.

పనికి పోవట్లేదని మీరు నాతో అన్నారు గానీ, పోతున్నారని మీ ఆవిడ సైదా చెప్పింది. ఆమెని కోప్పడకండి, నేనే ఫోను చేసి అడిగాను.

వచ్చే మంగళవారం నేను బడికి సెలవు పెట్టాను. ఒంగోలులో బెన్నీని చూసిన డాక్టరు గారి దగ్గర మీ పేరు రాయించాను. తొమ్మిదింటికి ఆస్పత్రి గేటు దగ్గర ఉంటాను. మీకు వీలుందో లేదో అడగడం లేదు. మీరు రాకపోతే పది గంటల బస్సుకి చీమకుర్తి వచ్చి, మీ యూనిట్‌లో, మీ మిషను పక్కన నిలబడతాను. మీరు బయల్దేరేదాకా కదలను.

రెబ్కా